క్లయింట్ యూఎస్‌డీటీలో పే చేస్తానంటే: కంపెనీ అకౌంట్‌లోకి రూపాయలు తెచ్చుకునే పద్ధతి

ఈ మధ్య హైదరాబాద్, వైజాగ్, విజయవాడల్లో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు, డిజైన్ స్టూడియోలు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ళు అందరి దగ్గరా ఒకటే ప్రశ్న. ఫారిన్ క్లయింట్ దొరికాడు, పని బాగుంది, రేటు బాగుంది, కానీ డాలర్లు బ్యాంక్‌లో వెయ్యనంటున్నాడు, యూఎస్‌డీటీ (టెథర్ కంపెనీ ఇచ్చే, డాలర్ విలువకి కట్టేసిన క్రిప్టో కాయిన్) పంపిస్తా వాలెట్ అడ్రస్ ఇవ్వు అంటున్నాడు, తీసుకోవచ్చా, తీసుకుంటే దాన్ని రూపాయలు చేసేదెలా? యూట్యూబ్‌లో వెతికితే అన్నీ ట్రేడింగ్ చేసుకునే కుర్రాళ్ళ కోసం చేసిన వీడియోలే, జీఎస్టీ నంబరూ కరెంట్ అకౌంటూ ఉన్న బిజినెస్ వాళ్ళ గోడు ఎవడికీ పట్టదు. అందుకే ఇది రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిక చేసుకోండి.

ముందే ఒక మాట చెప్పేస్తా. క్రిప్టో అమ్మి రూపాయలు చేసుకోవడం పది నిమిషాల పని, అందులో పెద్ద విద్యేం లేదు. ఆ రూపాయలు ఎక్కడి నుంచి వచ్చాయో రేపు బ్యాంకు వాడడిగినా, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళడిగినా, ఖర్మకాలి పోలీసులడిగినా చూపించగలిగే కాగితాలు రెడీగా పెట్టుకోవడమే అసలు పని. నేను చెప్పే ప్రతి స్టెప్పూ ఆ కాగితం కోసమే అనుకోండి.

అసలు క్రిప్టో మీ చేతికి రావాలా?

నన్నడిగితే బెస్ట్ దారి ఏంటంటే, కన్వర్షన్ మన దగ్గర జరగకూడదు, క్లయింట్ దగ్గరే జరగాలి. అతను అమెరికాలోనో యూరప్‌లోనో ఉంటే అతనికి కాయిన్‌బేస్, క్రాకెన్ లాంటి క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లో అకౌంట్ ఉండే ఉంటుంది. అక్కడ తన దగ్గరున్న కాయిన్లు అమ్మి డాలర్లు చేసి బ్యాంక్ నుంచి మనకి వైర్ పంపించడం అతనికి పెద్ద కష్టం కాదు. మనకి మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. డాలర్లు బ్యాంకు ద్వారా వస్తే పర్పస్ కోడ్‌తో (డబ్బు దేనికొచ్చిందో చెప్పే కోడ్) వస్తాయి, ఎఫ్ఐఆర్ఏ (విదేశం నుంచి డబ్బొచ్చిందని బ్యాంకు ఇచ్చే కాగితం) వస్తుంది, జీఎస్టీలో ఎక్స్‌పోర్ట్ కింద చూపించుకోవచ్చు, క్రిప్టో లాభం మీద వేసే 30 శాతం ట్యాక్స్ గొడవ ఉండదు, టీడీఎస్ ఉండదు.

క్లయింట్ "బ్యాంక్ వైర్‌కి ఛార్జీలెక్కువ, మూడ్రోజులు పడుతుంది" అంటాడు, నిజమే, స్విఫ్ట్ (బ్యాంకుల అంతర్జాతీయ నెట్‌వర్క్) దారిలో మధ్యలో బ్యాంకులు తలా కొంత కోసుకుంటాయి. అప్పుడు ఏం చెయ్యాలంటే ఆ ఛార్జి మనమే పెట్టుకుంటాం అని చెప్పడం. నవ్వకండి, కింద లెక్క వేసి చూపిస్తా, ఆ కాస్త ఛార్జి పెట్టుకోవడమే చవక. చిన్న అమౌంట్లయితే వైజ్, పేయోనీర్ లాంటివి ఉన్నాయి, ఆర్‌బీఐ 2023 అక్టోబర్‌లో తెచ్చిన పీఏ-సీబీ (బయట దేశాల పేమెంట్లు నడిపే కంపెనీల) రూల్స్ కింద పర్మిషన్ తీసుకున్న పేమెంట్ కంపెనీలు కూడా ఉన్నాయి. ఇలాంటి చాలా సర్వీసులు క్లయింట్ దేశంలోని లోకల్ అకౌంట్ నంబర్ మనకి ఇస్తాయి, దానికి అతను మామూలు లోకల్ ట్రాన్స్‌ఫర్ చేస్తాడు, మనకి రూపాయలు పడతాయి, కాగితం కూడా ఇస్తారు. క్లయింట్‌కి ఇది ఒకసారి వివరంగా మెయిల్ పెట్టండి, సగం మంది ఒప్పేసుకుంటారు. క్రిప్టోలోనే ఇస్తానని పట్టుబట్టేవాళ్ళలో చాలా మందికి మన రూల్స్ సంగతి అసలు తెలీదు, అంతే.

ఇంకో రకం సర్వీసులు కూడా తయారయ్యాయి. క్లయింట్ వాళ్ళకి యూఎస్‌డీసీ (యూఎస్‌డీటీ లాంటిదే ఇంకో డాలర్ కాయిన్) పంపిస్తాడు, వాళ్ళు మీ బ్యాంక్‌లో రూపాయలు వేస్తారు, మీరు క్రిప్టో ముట్టుకోరు. వినడానికి బాగుంటుంది. ఒక్క ప్రశ్న అడగండి: నా అకౌంట్‌లోకి డబ్బు ఎవరి పేరు మీద, ఏ దారిలో వస్తుంది? ఫారిన్ ఇన్‌వర్డ్ రెమిటెన్స్‌గా వచ్చి దానికి ఎఫ్ఐఆర్ఏ వస్తుందంటే సరే, ఆలోచించొచ్చు. అలా కాకుండా ఎవడో రాజస్థాన్‌లో ఉన్న మనిషి సేవింగ్స్ అకౌంట్ నుంచి ఐఎంపీఎస్ వస్తుందంటే మాత్రం ఆ యాప్ డిజైన్ ఎంత ముద్దుగా ఉన్నా దండం పెట్టి వచ్చెయ్యండి. అది పేరు మార్చుకున్న హవాలానే.

సరే, క్రిప్టోనే తీసుకోక తప్పట్లేదు

అప్పుడు ఇన్‌వాయిస్ పంపకముందే, అంటే ఒక్క కాయిన్ కూడా రాకముందే, ఎక్స్ఛేంజ్‌లో కంపెనీ పేరు మీద అకౌంట్ తెరవాలి. డైరెక్టర్ గారి పర్సనల్ అకౌంట్‌లోకి తీసుకుని తర్వాత కంపెనీకి ట్రాన్స్‌ఫర్ చేద్దాం అనుకుంటారు చాలామంది, అది వద్దు. కంపెనీ ఆదాయం డైరెక్టర్ పేరు మీద పడితే అది జీతమా, అప్పా, ఇంకోటా అని కొత్త తలనొప్పి. ప్రొప్రైటర్‌షిప్ అయితే పాన్ ఒకటే కాబట్టి అంత ఇబ్బంది లేదు, అయినా బ్యాంక్ మాత్రం కరెంట్ అకౌంట్ లింక్ చేసుకోండి, సేవింగ్స్ వద్దు.

ఎక్స్ఛేంజ్ ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది ఫీజు కాదు, ఎఫ్ఐయూ-ఇండియాలో (అనుమానాస్పద లావాదేవీల మీద కన్నేసే కేంద్ర ప్రభుత్వ విభాగం) రిజిస్టర్ అయిందా లేదా. 2023 మార్చి 7న కేంద్రం క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లని మనీ లాండరింగ్ చట్టం కిందికి తెచ్చింది, అప్పట్నుంచి ఇండియాలో కస్టమర్లకి సర్వీస్ ఇవ్వాలంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఫారిన్ కంపెనీ అయినా సరే. అదే ఏడాది డిసెంబర్ 28న రిజిస్టర్ కాని తొమ్మిది ఫారిన్ ఎక్స్ఛేంజ్‌లకి నోటీసులిచ్చారు, అందులో బైనాన్స్, కూకాయిన్ కూడా ఉన్నాయి. తర్వాత ఈ రెండూ రిజిస్టర్ చేసుకున్నాయి, బైనాన్స్‌కి 2024 జూన్‌లో 18.82 కోట్ల జరిమానా కూడా పడింది. కాబట్టి "పెద్ద పేరు కదా" అని కాకుండా ఇవాళ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి, ఆ తర్వాత రూపాయల విత్‌డ్రాయల్ నేరుగా బ్యాంక్‌కి ఇస్తారా, కార్పొరేట్ అకౌంట్ తెరవనిస్తారా అని సపోర్ట్‌కి మెయిల్ పెట్టి జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. యాప్‌లో రూపాయల బ్యాలెన్స్ కనిపిస్తుంది కానీ వెనక పీ2పీ (కాయిన్లు నేరుగా ఇంకో మనిషికి అమ్మి, అతని అకౌంట్ నుంచి డబ్బు తీసుకోవడం) ఒక్కటే దారి ఉన్న చోట్లు ఉన్నాయి, అది మనకి పనికిరాదు.

కార్పొరేట్ కేవైసీకి అడిగేవి దాదాపు ఎక్కడైనా ఒకటే: ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్, ఎంఓఏ ఏఓఏ, కంపెనీ పాన్, జీఎస్టీ సర్టిఫికెట్, ఫలానా వ్యక్తికి ఈ అకౌంట్ నడిపే అధికారం ఇస్తున్నాం అని బోర్డ్ రిజల్యూషన్, డైరెక్టర్ల కేవైసీ, 10 శాతం మించి వాటా ఉన్నవాళ్ళ వివరాలు, బ్యాంక్ స్టేట్‌మెంట్. క్రిప్టో ఎక్కడి నుంచి వస్తుంది అనడుగుతారు, అక్కడ "ఇన్వెస్ట్‌మెంట్" అని కొట్టకండి, ఉన్నదున్నట్టు సర్వీస్ కాంట్రాక్ట్ జత చెయ్యండి. అప్రూవల్‌కి రోజులు పట్టొచ్చు, వారాలు పట్టొచ్చు. క్లయింట్ పంపించేశాక పరిగెత్తడం కన్నా ఇప్పుడే మొదలుపెట్టడం నయం.

బ్యాంక్ సంగతి కూడా చూడాలి. 2018 ఏప్రిల్‌లో ఆర్‌బీఐ క్రిప్టో వాళ్ళకి బ్యాంకింగ్ ఇవ్వొద్దని సర్క్యులర్ ఇచ్చింది, 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, 2021 మేలో ఆర్‌బీఐయే బ్యాంకులకి ఆ పాత సర్క్యులర్ చూపించొద్దని చెప్పింది, కాకపోతే కేవైసీ, మనీ లాండరింగ్ తనిఖీలు మీరు చేసుకోండి అని కూడా చెప్పింది. ఆ రెండో సగం పట్టుకుని కొన్ని బ్రాంచీల్లో క్రిప్టో మాట వింటేనే మొహం మారిపోతుంది. రిలేషన్‌షిప్ మేనేజర్‌కి ముందే ఒక మెయిల్ పెట్టి ఉంచండి, ఫలానా ఎక్స్ఛేంజ్ నుంచి నెలకి ఇంత క్రెడిట్ రావచ్చు, కారణం ఇది అని. జవాబు రాకపోయినా పర్లేదు, మీరు పెట్టినట్టు రికార్డ్ ఉంటుంది.

ఇన్‌వాయిస్, వాలెట్, నెట్‌వర్క్

ఇన్‌వాయిస్ డాలర్లలో వెయ్యండి, కింద "చెల్లింపు: ఈ మొత్తానికి సమానమైన యూఎస్‌డీటీ, ఫలానా నెట్‌వర్క్, ఫలానా అడ్రస్" అని రాయండి. నేరుగా "2 ఈథర్" అని వేస్తే పంపే రోజుకి రేటు పడిపోయిందంటే ఆ నష్టం మీదే. బిట్‌కాయిన్, ఈథర్ కన్నా స్టేబుల్‌కాయిన్ (యూఎస్‌డీటీలా డాలర్‌కి కట్టేసినది) తీసుకోవడం మేలు, అయితే స్టేబుల్ అన్నారు కదా అని నెలల తరబడి దాచుకోకండి. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ మునిగినప్పుడు యూఎస్‌డీసీ అంతటిది కూడా డాలర్ నుంచి 88 సెంట్ల దాకా జారి రెండు మూడు రోజుల తర్వాత లేచింది, 2022 మేలో యూఎస్‌టీ అనే ఇంకో స్టేబుల్‌కాయిన్ అయితే లేవనే లేదు. వచ్చింది వచ్చినట్టు అమ్మెయ్యడమే బిజినెస్ వాడి పద్ధతి. పెరుగుతుందేమో చూద్దాం అనుకుంటే అది వేరే వ్యాపారం.

నెట్‌వర్క్ దగ్గర జాగ్రత్త. యూఎస్‌డీటీ అనేది ఒకటే పేరుతో చాలా బ్లాక్‌చెయిన్‌ల మీద తిరుగుతుంది, ట్రాన్ మీద ఉన్నది టీఆర్‌సీ-20, ఇథీరియం మీద ఉన్నది ఈఆర్‌సీ-20. ట్రాన్ అడ్రస్ ఇంగ్లిష్ టీ అక్షరంతో మొదలవుతుంది, ఇథీరియంది సున్నా ఎక్స్‌తో మొదలవుతుంది. ఎక్స్ఛేంజ్ ఏ నెట్‌వర్క్‌లో డిపాజిట్ తీసుకుంటుందో అదే క్లయింట్‌కి చెప్పాలి, అది సపోర్ట్ చెయ్యని నెట్‌వర్క్‌లో పంపిస్తే డబ్బు మీ చేతికి రాదు, సపోర్ట్ టికెట్ల చుట్టూ తిరగాలి, ఒక్కోసారి అసలు తిరిగి రాకపోవచ్చు కూడా. మొదటిసారి ఎవరితోనైనా 10 డాలర్లు టెస్ట్‌గా పంపించుకోండి, అది మీ అకౌంట్‌లో కనిపించాకే మిగతాది.

అడ్రస్‌ని పాత ట్రాన్సాక్షన్ల లిస్ట్‌లోంచి కాపీ చేసుకోవద్దని క్లయింట్‌కి గట్టిగా చెప్పండి. మొదటి నాలుగు అక్షరాలూ చివరి నాలుగు అక్షరాలూ మీ అడ్రస్‌లాగే ఉండే దొంగ అడ్రస్ తయారుచేసి, దాంట్లోంచి అతనికి సున్నా డాలర్లు పంపించి హిస్టరీలో దూరతారు, అతను చూసుకోకుండా కాపీ కొడితే అంతే సంగతులు. 2024 మేలో ఒకాయన ఇలాగే దాదాపు 6.8 కోట్ల డాలర్ల విలువైన బిట్‌కాయిన్ టోకెన్లు దొంగ అడ్రస్‌కి పంపేశాడు. ఆయన అదృష్టం బాగుండి తర్వాత తిరిగొచ్చాయి, మనకి అంత అదృష్టం ఉంటుందని గ్యారంటీ లేదు. మీకు జరిగే మోసం కూడా ఒకటి ఉంది, యూఎస్‌డీటీ అని పేరు పెట్టిన నకిలీ టోకెన్ పంపించి స్క్రీన్‌షాట్ పెడతారు. స్క్రీన్‌షాట్ నమ్మొద్దు, ట్రాన్‌స్కాన్‌లోనో ఈథర్‌స్కాన్‌లోనో (బ్లాక్‌చెయిన్ లావాదేవీలు చూపించే సైట్లు) ఆ టోకెన్ కాంట్రాక్ట్ అడ్రస్ చూడండి, ఎక్స్ఛేంజ్ డిపాజిట్ అడ్రస్‌కే నేరుగా తెప్పించుకుంటే ఈ బాధ చాలావరకు ఉండదు ఎందుకంటే నకిలీది అక్కడ క్రెడిట్ అవదు.

క్లయింట్ ఏ వాలెట్ నుంచి పంపిస్తాడో కూడా ముందే మెయిల్‌లో రాయించుకోండి. ఎక్స్ఛేంజ్‌లు వచ్చిన కాయిన్ల వెనక చరిత్ర స్కాన్ చేస్తాయి, హ్యాక్ అయిన సొమ్మో, మిక్సర్‌లోంచి (కాయిన్ల జాడ చెరిపే సర్వీస్) వచ్చిందో తగిలితే మీ డిపాజిట్ ఆపేసి వివరాలడుగుతారు. టెథర్ కంపెనీ కూడా పోలీసులడిగితే అడ్రస్ మొత్తం ఫ్రీజ్ చెయ్యగలదు. అప్పుడు "నా క్లయింట్ ఫలానా, ఇన్‌వాయిస్ ఇది, అతని అడ్రస్ ఇది" అని మెయిల్ చూపించగలగాలి.

అమ్మడం, లెక్క

కాయిన్ వచ్చాక యూఎస్‌డీటీ-రూపాయి పెయిర్‌లో అమ్మడమే. ఇక్కడ చాలామంది మార్కెట్ ఆర్డర్ (దొరికిన రేటుకి వెంటనే అమ్మెయ్యడం) నొక్కేస్తారు. మన ఎక్స్ఛేంజ్‌ల ఆర్డర్ బుక్ (కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు పెట్టిన ఆర్డర్ల లిస్ట్) అంత లోతుగా ఉండదు, పెద్ద అమౌంట్ ఒకేసారి కొడితే కింద రేట్లకి జారిపోతుంది. లిమిట్ ఆర్డర్ (మీరు చెప్పిన రేటుకి తగ్గకుండా అమ్మే ఆర్డర్) పెట్టి రెండు మూడు ముక్కలుగా అమ్మండి. బిట్‌కాయిన్ వచ్చిందనుకోండి, దాన్ని యూఎస్‌డీటీ చేసి ఆ తర్వాత రూపాయలు చేస్తే 1 శాతం టీడీఎస్ రెండుసార్లు పడుతుంది, క్రిప్టో నుంచి క్రిప్టోకి మార్చినా అది అమ్మకమే లెక్క, కాబట్టి నేరుగా బిట్‌కాయిన్-రూపాయి పెయిర్‌లోనే అమ్మండి.

ఇప్పుడు లెక్క. ఇన్‌వాయిస్ 5,000 డాలర్లు, 5,000 యూఎస్‌డీటీ వచ్చింది. వచ్చిన రోజు రేటు 89 అనుకుందాం, అమ్మిన రోజు 90, ఎక్స్ఛేంజ్ ఫీజు అర శాతం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే, మీ రేట్లు పెట్టుకుని మళ్ళీ చేసుకోండి.

అమ్మితే 4,50,000. ఫీజు 2,250, దాని మీద 18 శాతం జీఎస్టీ 405. పోగా మిగిలింది 4,47,345. దీని మీద 1 శాతం టీడీఎస్ 4,473. బ్యాంక్‌లో పడేది 4,42,872.

టీడీఎస్ పోయిన డబ్బు కాదు, మీ పాన్ మీద 26ఏఎస్ అనే ట్యాక్స్ స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది, రిటర్న్‌లో అడ్జస్ట్ అవుతుంది. 2022 జూలై 1 నుంచి ఉన్న రూల్ ఇది. లాభంలో ఉన్న కంపెనీకి పర్లేదు కానీ మార్జిన్ తక్కువ ఉన్నవాళ్ళకి ప్రతి బిల్లు మీదా 1 శాతం రీఫండ్ వచ్చేదాకా ఇరుక్కుపోవడం చిన్న విషయం కాదు.

తర్వాత ఇన్‌కమ్ ట్యాక్స్. ఇక్కడ రెండు వేరువేరు సంగతులున్నాయి, కలిపేసి గందరగోళం చేసుకుంటారు. పని చేసినందుకు వచ్చిన 4,45,000, అంటే వచ్చిన రోజు విలువ, అది మీ బిజినెస్ ఆదాయం, దాంట్లోంచి జీతాలు అద్దెలు అన్నీ తీసేసుకుని మామూలుగా ట్యాక్స్ కట్టుకుంటారు. ఆ రోజు నుంచి అమ్మిన రోజు దాకా పెరిగిన 5,000 ఉంది చూశారా, దాని మీద మాత్రమే 30 శాతం, సెస్ కలిపితే 1,560. చాలామంది సీఏలు ఇలాగే చేస్తున్నారు, వచ్చిన రోజు విలువే కొన్న ధర కింద తీసుకుని. కాబట్టి వచ్చిన రోజు, టైము, రేటు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం తప్పనిసరి, అది లేకపోతే కొన్న ధర సున్నా అని ఆఫీసర్ అంటే మొత్తం 4,50,000 మీదా 30 శాతం వాదన మొదలవుతుంది.

ఆ 5,000 లాభంలోంచి ఫీజు కూడా తీసుకోనివ్వరు. రేటు 89 నుంచి 88కి పడి 5,000 నష్టం వస్తే దాన్ని దేనితోనూ సెట్ ఆఫ్ చేసుకోనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకెళ్ళనివ్వరు. లాభం వస్తే వాటా, నష్టం వస్తే నీ ఖర్మ, అదీ పాత ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలోని 115బీబీహెచ్ సెక్షన్ సారాంశం. వచ్చిన రోజే అమ్మెయ్యమని నేను చెప్పడానికి ఇది ఇంకో కారణం, ఆ రెండు రేట్లూ దగ్గరగా ఉంటే ఈ సెక్షన్‌తో మీకు పెద్దగా పనే ఉండదు. 2026 ఏప్రిల్ 1 నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం 2025 అమలు కాబట్టి సెక్షన్ నంబర్లు వేరు, పాత నంబర్లు గూగుల్ చేసి కంగారు పడకండి.

అసలు దెబ్బ జీఎస్టీ దగ్గర

దీని గురించి ఎవడూ మాట్లాడడు. ఫారిన్ క్లయింట్‌కి సర్వీస్ చేస్తే అది ఎక్స్‌పోర్ట్, ఎల్‌యూటీ (జీఎస్టీ కట్టకుండా ఎక్స్‌పోర్ట్ చేస్తామని ఇచ్చే హామీ పత్రం) పెట్టుకుంటే జీఎస్టీ సున్నా, ఇది అందరికీ తెలుసు. కానీ చట్టంలో సర్వీస్ ఎక్స్‌పోర్ట్ అనిపించుకోవాలంటే ఉన్న షరతుల్లో ఒకటి, పేమెంట్ కన్వర్టిబుల్ ఫారిన్ ఎక్స్ఛేంజ్‌లో (డాలర్ల లాంటి విదేశీ మారకంలో) రావాలి, లేదా ఆర్‌బీఐ అనుమతించిన చోట రూపాయల్లో రావాలి. యూఎస్‌డీటీ ఫారిన్ ఎక్స్ఛేంజ్ కాదు. మీరు ఎక్స్ఛేంజ్‌లో అమ్మగా వచ్చిన రూపాయలు లోకల్‌గా వచ్చిన రూపాయలే, వాటికి ఎఫ్ఐఆర్ఏ ఎవరూ ఇవ్వరు. అంటే ఆఫీసర్ గట్టిగా పట్టుకుంటే ఇది ఎక్స్‌పోర్ట్ కాదు, 18 శాతం కట్టు అనొచ్చు. పై ఉదాహరణలో 4,45,000 మీద 18 శాతం అంటే 80,100 రూపాయలు. ఇన్‌పుట్ క్రెడిట్ రీఫండ్ పెట్టుకుని ఉంటే అదీ ఆగుతుంది.

ఇప్పుడు చెప్పండి, స్విఫ్ట్ ఛార్జి 30, 40 డాలర్లు మనమే పెట్టుకోవడం చవకా కాదా.

ఫెమా (విదేశీ మారకం చట్టం) వైపు కూడా ఇదే కథ. ఎక్స్‌పోర్ట్ డబ్బు బ్యాంకింగ్ ఛానెల్ ద్వారానే దేశంలోకి రావాలనేది పద్ధతి, సాఫ్ట్‌వేర్ వాళ్ళు సాఫ్టెక్స్ (సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పోర్ట్ ప్రకటన) ఫారం వేస్తే దానికెదురుగా బ్యాంకులో రెమిటెన్స్ కనపడాలి, క్రిప్టోతో అది క్లోజ్ అవదు. అందుకే క్రిప్టో తీసుకునే ముందే మీ సీఏ దగ్గర, వీలైతే ఫెమా చూసే కంపెనీ సెక్రటరీ దగ్గర, అభిప్రాయం రాతలో తీసుకోండి. ఫోన్‌లో "పర్లేదు చేసెయ్" అన్నది రేపు పనికిరాదు. జీఎస్టీ పరిధిలోకి రాని చిన్న ఫ్రీలాన్సర్‌కి జీఎస్టీ దెబ్బ తగలదు, ఫెమా మాత్రం అతనికీ వర్తిస్తుంది.

పీ2పీ ఎందుకు వద్దంటున్నానంటే

పీ2పీలో రేటు రెండు మూడు రూపాయలు ఎక్కువ చూపిస్తుంది, అది చూసి ఆశపడతారు. అక్కడ మీ యూఎస్‌డీటీ కొనేవాడు ఎవడో మీకు తెలీదు. కరీంనగర్‌లో ఒక రిటైర్డ్ టీచర్‌ని డిజిటల్ అరెస్ట్ అని భయపెట్టి డబ్బు లాగారనుకోండి, ఆ డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి, అక్కడి నుంచి మూడో అకౌంట్‌కి, అక్కడి నుంచి యూఎస్‌డీటీ కొనడానికి మీ అకౌంట్‌కి వస్తుంది. ఆవిడ సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వగానే ఆ గొలుసులో ఉన్న అకౌంట్లన్నిటినీ బ్యాంకులు ఆపేస్తాయి. మీకు తెలిసేది ఎప్పుడంటే ఒకటో తారీఖున జీతాలు వేద్దామని కూర్చున్నప్పుడు. పర్సనల్ అకౌంట్ అయితే ఏదోలా నెట్టుకొస్తారు, కంపెనీ కరెంట్ అకౌంట్ ఆగితే పీఎఫ్, జీఎస్టీ, ఈఎంఐ అన్నీ ఆగుతాయి.

ఒకవేళ ఇప్పటికే ఆగిపోయి ఉంటే, బ్రాంచికి వెళ్ళి అరవడం వల్ల ఉపయోగం లేదు, మేనేజర్ చేతిలో ఏమీ ఉండదు. అతని దగ్గర మూడు వివరాలు తీసుకోండి: కంప్లైంట్ అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్, ఏ రాష్ట్రం ఏ పోలీస్ స్టేషన్, వివాదంలో ఉన్న అమౌంట్ ఎంత. తర్వాత ఆ స్టేషన్ ఇన్వెస్టిగేటింగ్ ఆఫీసర్‌కి ఇన్‌వాయిస్, కాంట్రాక్ట్, ట్రాన్సాక్షన్ హ్యాష్ (బ్లాక్‌చెయిన్‌లో ఆ బదిలీకి ఉండే ప్రత్యేక నంబర్), ఎక్స్ఛేంజ్ ఆర్డర్ కాపీ అన్నీ మెయిల్ పెట్టి, స్పీడ్ పోస్ట్‌లో కూడా పంపండి. మొత్తం అకౌంట్ కాకుండా వివాదంలో ఉన్న అమౌంట్ వరకే లీన్ (ఆ డబ్బు కదలకుండా ఆపడం) పెట్టమని రాతలో అడగండి, ఇది చాలామంది అడగరు. ఊరకే సెటిల్ చేసుకుందాం డబ్బు పంపు అని ఎవడైనా ఫోన్ చేస్తే పంపకండి. కదలకపోతే లాయర్‌ని పెట్టుకుని కోర్టుకి వెళ్ళడమే, బీఎన్ఎస్ఎస్ (సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 106 సెక్షన్ కింద ఫ్రీజ్‌ల మీద హైకోర్టులకి వెళ్ళేవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఎక్స్ఛేంజ్ ద్వారా అమ్మితే డబ్బు ఆ కంపెనీ అకౌంట్ నుంచి వస్తుంది, అపరిచితుడి నుంచి రాదు, తేడా అదే. అలాగని ఎక్స్ఛేంజ్‌లోనే బ్యాలెన్స్ ఉంచుకోకండి. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజ్‌లో హ్యాక్ జరిగి 23 కోట్ల డాలర్లకి పైగా పోయాయి, క్రిప్టో విత్‌డ్రాయల్స్ ఏడాదికి పైగా ఆగిపోయాయి. 2025 జూలైలో కాయిన్‌డీసీఎక్స్ అనే ఇంకో ఎక్స్ఛేంజ్‌లో కూడా హ్యాక్‌లో 4.4 కోట్ల డాలర్లు పోయాయి, అవి కంపెనీ సొంత అకౌంట్‌వి కాబట్టి కస్టమర్ల దాకా రాలేదు. అమ్మిన రోజే రూపాయలు కరెంట్ అకౌంట్‌కి లాగెయ్యండి.

పెద్ద మొత్తాలు, బయట దేశాలు

కోటి దాటిన అమౌంట్లయితే ఆర్డర్ బుక్ జోలికి వెళ్ళకుండా ఎక్స్ఛేంజ్ ఓటీసీ డెస్క్‌తో (పెద్ద అమౌంట్లు నేరుగా కొనే విభాగం) మాట్లాడాలి, వాళ్ళు ఒకటే రేటు కోట్ చేస్తారు, ఆ రేటు కొద్దిసేపే నిలబడుతుంది, ఓకే అంటే అంతా ఒకేసారి అయిపోతుంది. ఓటీసీ అంటే వాట్సాప్‌లో తగిలే బ్రోకర్ కాదు, కేవైసీ చేసి, టీడీఎస్ కట్ చేసి, బిల్లు ఇచ్చేవాడు. ఎర్రమంజిల్‌లో ఆఫీసుంది, క్యాష్ చేతిలో పెడతాం అనే బాపతు వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, క్యాష్ 2 లక్షలు గానీ ఆ పైన గానీ తీసుకుంటే పాత ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం నంబర్ ప్రకారం 269ఎస్‌టీ సెక్షన్ ఒకటి, తీసుకున్న మొత్తానికి సమానంగా పెనాల్టీ.

టెథర్ కంపెనీ దగ్గరే నేరుగా యూఎస్‌డీటీ ఇచ్చి డాలర్లు తీసుకోవచ్చు కదా అంటారు కొందరు. దానికి కనీసం 1,00,000 డాలర్లుండాలి, వాళ్ళ వెరిఫికేషన్ పాసవ్వాలి, ఇది పెద్ద ట్రేడింగ్ కంపెనీల దారి. యూఎస్‌డీసీ ఇచ్చే సర్కిల్ కూడా అంతే, సంస్థలకే అకౌంట్ ఇస్తుంది, డాలర్‌కి డాలర్ ఇస్తుంది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కంపెనీ ఉన్న మనవాళ్ళకి పని తేలిక. కస్టమర్ యూఎస్‌డీసీ ఇచ్చినా స్ట్రైప్ లాంటి ప్రాసెసర్ దాన్ని డాలర్లు చేసే మీ బ్యాలెన్స్‌లో వేస్తుంది, మీ పుస్తకాల్లో క్రిప్టో అనే మాటే రాదు, 2024 అక్టోబర్‌లో మొదలుపెట్టినప్పుడు 1.5 శాతం ఫీజు పెట్టారు. బిట్‌పే 2011 నుంచీ చేస్తున్నది ఇదే పని. కాయిన్‌బేస్‌లో దాచుకుని మీరే అమ్ముకుంటే మాత్రం ఐఆర్ఎస్ (అమెరికా ట్యాక్స్ శాఖ) దృష్టిలో అది ప్రాపర్టీ, వచ్చిన రోజు విలువ ఆదాయం, తర్వాత తేడా గెయిన్, 2025 అమ్మకాల నుంచి బ్రోకర్లు 1099-డీఏ ఫారంలో రిపోర్ట్ చేస్తున్నారు. దుబాయ్‌లో ఉన్నవాళ్ళయితే వారా (దుబాయ్ క్రిప్టో నియంత్రణ సంస్థ) లైసెన్స్ ఉన్నవాళ్ళ దగ్గరే మార్చుకోండి. హైదరాబాద్‌లో కూర్చుని దుబాయ్‌లో ఉన్న బావమరిది పేరు మీద అకౌంట్ తెరిచి అక్కడ మార్పించే ఐడియా చాలామందికి వస్తుంది, ఆ బావమరిది మంచోడే కావచ్చు కానీ ఫెమా ముందు మీ ఇద్దరికీ ఇబ్బందే.

పుస్తకాల్లో రాసుకోవాల్సింది

ప్రతి పేమెంట్‌కి ఒక ఫోల్డర్ పెట్టండి. అందులో కాంట్రాక్ట్, ఇన్‌వాయిస్, క్లయింట్ మెయిల్, ట్రాన్సాక్షన్ హ్యాష్, వచ్చిన రోజు రేటు, ఎక్స్ఛేంజ్ సెల్ ఆర్డర్, ఫీజు బిల్లు, బ్యాంక్ క్రెడిట్ లైన్. ఎక్స్ఛేంజ్ మూతపడినా మీ దగ్గర కాపీ ఉండాలి కాబట్టి ప్రతి నెలా సీఎస్‌వీ డౌన్‌లోడ్ చేసుకోండి.

టాలీలో వీడీఏ (వర్చువల్ డిజిటల్ అసెట్, అంటే ట్యాక్స్ చట్టంలో క్రిప్టో పేరు) పేరుతో వేరే లెడ్జర్ తెరిచి, వచ్చినప్పుడు అమ్మకాల ఆదాయం ఎదురుగా అందులోకి, అమ్మినప్పుడు అందులోంచి బ్యాంక్, ఫీజు, టీడీఎస్‌లకి, తేడా ఏముంటే అది లాభనష్టాలకి. ప్రైవేట్ లిమిటెడ్ అయితే కంపెనీల చట్టం షెడ్యూల్ 3 ప్రకారం 2021 ఏప్రిల్ నుంచి క్రిప్టో లావాదేవీలూ, ఏడాది చివర్లో చేతిలో ఉన్నదీ ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్లలో చూపించాలి, ఆడిటర్ అడక్కపోయినా మీరే చెప్పండి. రిటర్న్‌లో షెడ్యూల్ వీడీఏ అని విడిగా ఉంటుంది, ప్రతి అమ్మకానికీ వచ్చిన తేదీ, అమ్మిన తేదీ, ధరలు ఒక్కో లైనుగా నింపాలి. 26ఏఎస్‌లో ఉన్న టీడీఎస్‌తో ఇది సరిపోలకపోతే నోటీసు వస్తుంది, కాబట్టి మూడు నెలలకోసారి సరిచూసుకోండి, జూన్ 15, సెప్టెంబర్ 15, డిసెంబర్ 15, మార్చి 15 అడ్వాన్స్ ట్యాక్స్ తేదీలకి ఎలాగూ సీఏతో కూర్చుంటారు, అప్పుడే ఈ ఫోల్డర్లు కూడా ఆయన ముందు పెట్టెయ్యండి.